ఉన్నంతలో ఉత్తమం – లియొనీద్ కాంతొరోవిచ్ జీవితం

పన్నెండో తరగతి ఎన్‌సీఈఆర్‌టీ గణిత పుస్తకంలో లీనియర్ ప్రోగ్రామింగ్ పాఠం చివర ఒక చిన్న చారిత్రక గమనిక ఉంటుంది. పరీక్షలో దాని మీద ప్రశ్న రాదు కనుక చాలామంది ఆ పేజీని అలాగే తిప్పేస్తారు. కాంతొరోవిచ్ అనే రష్యన్ గణితవేత్త పేరు ఆ గమనికలో ఒకటి రెండు వాక్యాల్లో వచ్చి వెళ్లిపోతుంది. ఆ వాక్యాల వెనుక ఒక నగరం ఆకలి ఉంది, ఒక ప్రభుత్వం కోపం ఉంది, ఇరవై ఏళ్ల నిరీక్షణ ఉంది. అందుకే ఈ సంచికలో ఆయన జీవితం చెప్పుకుందాం.

తెలుగు చెప్పే మాకు లెక్కల మనిషితో ఏం పని అని కొందరు విద్యార్థులు అడగవచ్చు. మేము మూడు నాలుగేళ్లకోసారి పెట్టెలు సర్దుకుని రాష్ట్రం నుంచి రాష్ట్రానికి బదిలీ మీద వెళ్లేవాళ్లం. లారీలో చోటు ఇంతే, సామాను అంత. ఏది తీసుకెళ్లాలి, ఏది వదిలేయాలి అన్న ప్రశ్న మాకు కొత్త కాదు. మనిషి పుట్టినప్పటి నుంచీ ఉన్న ఆ ప్రశ్నకు గణితంలో ఒక పద్ధతిని మొదట చూపినవారు కాంతొరోవిచ్. లెక్కల మాస్టర్లు సూత్రం చెబుతారు. సూత్రం వెనుక ఉన్న మనిషి గురించి భాషా ఉపాధ్యాయులూ చెప్పవచ్చు.

లియొనీద్ విటాల్యెవిచ్ కాంతొరోవిచ్ 1912 జనవరి 19న రష్యాలోని సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో ఒక యూదు కుటుంబంలో పుట్టారు. తండ్రి వైద్యుడు. అయిదేళ్లు నిండేసరికి విప్లవం వచ్చింది. ఆ కల్లోలంలో కుటుంబం కొంతకాలం బెలారుస్‌కు వెళ్లి తలదాచుకుంది. పిల్లవాడికి పదేళ్లప్పుడు, 1922లో, తండ్రి చనిపోయారు. పెంపకం భారమంతా తల్లి మీద పడింది.

ఆ పిల్లవాడు 14 ఏళ్లకే, 1926లో, లెనిన్‌గ్రాద్ విశ్వవిద్యాలయం గణిత విభాగంలో చేరాడు. ఆయన పుట్టిన ఊరి పేరే అప్పటికి రెండుసార్లు మారింది. మొదట పెత్రొగ్రాద్ అయింది, తరువాత లెనిన్‌గ్రాద్ అయింది. తోటి విద్యార్థులు ఆయన కంటే నాలుగైదేళ్లు పెద్దవాళ్లు. ఫిఖ్తెన్‌గోల్ట్స్, స్మిర్నోవ్ వంటి గొప్ప గణితవేత్తలు అక్కడ గురువులు. రెండో ఏడు నుంచే ఆయన సొంతంగా పరిశోధన మొదలుపెట్టాడు. 18 ఏళ్లకు పట్టా తీసుకున్నారు. 22 ఏళ్లకు, అంటే 1934లో, అదే విశ్వవిద్యాలయంలో ప్రొఫెసర్ అయ్యారు. మరుసటి ఏడు, సిద్ధాంత వ్యాసం సమర్పించనక్కరలేకుండానే, అప్పటికి చేసిన పరిశోధనల మీదనే ఆయనకు డాక్టరేటు ఇచ్చారు.

ఆయన పని చేసింది ఫంక్షనల్ అనాలిసిస్‌లో. ప్రమేయాలను ఒక్కొక్కటిగా కాక గుంపులుగా తీసుకుని, ఒక్కో ప్రమేయాన్నీ ఒక విశాలమైన ప్రదేశంలోని ఒక బిందువులా చూసే శాస్త్రం అది. అందులో ఆయన ఊహించిన ఒక తరహా ప్రదేశాలను ఈనాటికీ ఆయన పేరు మీదే కాంతొరోవిచ్ ప్రదేశాలు అంటారు. దుకాణంలో గానీ పొలంలో గానీ దీనివల్ల ఏం ఉపయోగమని ఎవరైనా అడిగితే వెంటనే జవాబు చెప్పడం కష్టం. ఆ జవాబు వెతుక్కుంటూ ప్లైవుడ్ చేసేవాళ్లే ఆయన దగ్గరకు వచ్చారు.

అది 1938. ప్లైవుడ్ ట్రస్టు ప్రయోగశాల ఇంజినీర్లు విశ్వవిద్యాలయానికి ఒక చిక్కు తెచ్చారు. దుంగల నుంచి పలుచని చెక్కపొరలు తీసే యంత్రాలు వాళ్ల దగ్గర 8 రకాలున్నాయి. కలప 5 రకాలు. ఒక్కో యంత్రం ఒక్కో కలప మీద ఒక్కో వేగంతో పని చేస్తుంది. చివరకు అయిదు రకాల పొరలూ నిర్ణీత నిష్పత్తిలో రావాలి, మొత్తం ఉత్పత్తి వీలైనంత ఎక్కువ కావాలి. ఏ యంత్రానికి ఏ కలప ఎంతసేపు ఇవ్వాలి?

చూడటానికి ఇది గుమాస్తా లెక్కలా ఉంటుంది. కానీ 8 యంత్రాలు, 5 కలపలు అంటే తెలియని రాశులు 40. మామూలు కలన గణితంలో గరిష్ఠ విలువ కనుక్కోవడానికి అవకలనం చేసి సున్నాకు సమానం చేస్తాం. ఇక్కడ ఆ పప్పులు ఉడకవు. గరిష్ఠ విలువ వక్రరేఖ శిఖరం మీద ఉండదు, పరిమితులన్నీ కలుసుకునే మూలల్లో ఉంటుంది. ఆ మూలలు కోట్లలో ఉంటాయి. ఒక్కో మూలకు పన్నెండు సమీకరణాలు సాధిస్తూ పోతే ఒక మనిషి జీవితకాలం చాలదు.

కాంతొరోవిచ్ ఈ చిక్కును పక్కన పెట్టలేకపోయారు. మరికొంత ఆలోచించేసరికి ఇదే లెక్క అన్నిచోట్లా కనబడసాగింది. పొలాల్లో ఏ పంట ఎంత మేర వేయాలి, ఏ గని బొగ్గు ఏ ఊరికి పంపాలి, ఇనుపరేకును ఎలా కత్తిరిస్తే ముక్కలు తక్కువ వృథా అవుతాయి, ఇవన్నీ ప్లైవుడ్ లెక్కకు తోబుట్టువులే. 1939లో ఉత్పత్తి నిర్వహణకు, ప్రణాళికకు పనికొచ్చే గణిత పద్ధతుల మీద ఆయన ఒక చిన్న పుస్తకం రాశారు. లెనిన్‌గ్రాద్ విశ్వవిద్యాలయం దాన్ని అచ్చు వేసింది. పేజీలు 68 మాత్రమే. రచయిత వయసు 27.

ఆ పుస్తకంలోని ఒక ఉదాహరణను మనం చేసి చూడవచ్చు. దీనికి తొమ్మిదో తరగతి లెక్కలు చాలు. ఒక కర్మాగారం రెండు భాగాలతో ఒక వస్తువు చేస్తుంది. మొదటి భాగం ఒకటి, రెండో భాగం ఒకటి కలిస్తే ఒక జత. యంత్రాలు మూడు రకాలు. మిల్లింగ్ యంత్రాలు 3 ఉన్నాయి. ఒక వ్యవధిలో ఒక్కొక్కటి మొదటి భాగాలైతే 10, రెండో భాగాలైతే 20 చేస్తుంది. టరెట్ లేత్ యంత్రాలు కూడా 3. ఒక్కొక్కటి మొదటివి 20 గానీ రెండోవి 30 గానీ చేస్తుంది. ఆటోమేటిక్ యంత్రం 1. అది మొదటివి 30 గానీ రెండోవి 80 గానీ చేస్తుంది. సమయాన్ని పంచుకుని ఏ యంత్రమైనా రెండూ చేయవచ్చు. ఎక్కువ జతలు ఎలా వస్తాయి?

తేలికైన దారి, ప్రతి రకం యంత్రం దగ్గరా రెండు భాగాలూ సమానంగా చేయించడం. అప్పుడు మిల్లింగ్ దగ్గర 20 జతలు, టరెట్ దగ్గర 36, ఆటోమేటిక్ దగ్గర 21 వస్తాయి. మొత్తం 77. అందరికీ సమానంగా పంచాం కదా అని మనసుకు తృప్తిగా కూడా ఉంటుంది.

ఇప్పుడు ఎవరికి ఏది చేతనవునో చూసి పంచుదాం. మొదటి భాగం ఒకటి వదులుకుంటే ఆటోమేటిక్ యంత్రం రెండో భాగాలు దాదాపు 2.67 ఇస్తుంది, మిల్లింగ్ 2 ఇస్తుంది, టరెట్ 1.5 మాత్రమే ఇస్తుంది. కనుక ఆటోమేటిక్ పూర్తిగా రెండో భాగాలే చేయాలి. వచ్చేవి 80. టరెట్ యంత్రాలు పూర్తిగా మొదటి భాగాలే చేయాలి. వచ్చేవి 60. తక్కువ పడినదాన్ని మిల్లింగ్ యంత్రాలు పూరించాలి. అవి తమ సమయంలో తొమ్మిదింట ఎనిమిది వంతులు మొదటి భాగాలకు, ఒక వంతు రెండో భాగాలకు ఇస్తే రెండూ సరిసమానమవుతాయి. మొత్తం 86 జతలు, పైన ఒక జతలో మూడింట రెండు వంతులు. కొత్త యంత్రం కొనలేదు, కొత్త మనిషిని పెట్టుకోలేదు, ఒక గంట ఎక్కువ పని చేయలేదు. అయినా 77 కాస్తా 86 అయింది.

ఇంతవరకు తెలివైన మేస్త్రీ ఎవరైనా చేయగలడు. కాంతొరోవిచ్ గొప్పతనం తరువాతి మెట్టులో ఉంది. ఇంతకంటే మంచి ఏర్పాటు లేనే లేదని ఎలా తెలుస్తుంది? అందుకు ఆయన ఒక్కో భాగానికి ఒక విలువ కట్టారు. మన ఉదాహరణలో మొదటి భాగానికి 2 మార్కులు, రెండోదానికి 1 మార్కు అనుకుందాం. జతకు 3 మార్కులు. మిల్లింగ్ యంత్రం ఏది చేసినా 20 మార్కులే తెస్తుంది. టరెట్ యంత్రానికి ఎంత ఎక్కువైనా 40. ఆటోమేటిక్‌కు ఎంత ఎక్కువైనా 80. మొత్తం 60, 120, 80 కలిపి 260. ఎవరు ఎన్ని తంటాలు పడినా ఈ కర్మాగారం 260 మార్కులు దాటలేదు. 260ని 3తో భాగిస్తే వచ్చేది 86, పైన మూడింట రెండు వంతులు. మనకు వచ్చిన జవాబు సరిగ్గా అదే. అంటే ఇదే ఉత్తమం. వాదించడానికి ఇక ఏమీ మిగలలేదు.

ఈ మార్కులను ఆయన పరిష్కార గుణకాలు అన్నారు. అవి మరో రహస్యం కూడా చెబుతాయి. ఇంకొక టరెట్ యంత్రం దొరికితే దాని విలువ 40 మార్కులు, ఇంకొక మిల్లింగ్ యంత్రం దొరికితే 20. ఏ వస్తువు కొరత మనల్ని ఎంత వెనక్కి లాగుతోందో అంకెల్లో తెలుస్తుంది.

సరిగ్గా ఇక్కడే ఆయనకు ప్రమాదం మొదలైంది. ఆనాటి సోవియట్ దేశంలో వస్తువుకు విలువ దాని మీద వెచ్చించిన శ్రమ వల్లనే వస్తుందన్నది అధికార సిద్ధాంతం. కాంతొరోవిచ్ లెక్కలో కొరతగా ఉన్న యంత్రానికీ, మంచి భూమికీ కూడా విలువ వస్తోంది. ఆయన ఎవరినీ ఎదిరించాలని అనుకోలేదు. చెక్కపొరల లెక్క వేస్తే వచ్చిన అంకెలవి. అయినా సిద్ధాంతం కాపలాదారులకు అందులో పెట్టుబడిదారీ ఆర్థికశాస్త్రం వాసన తగిలింది. అది మాట తేడా వస్తే మనుషులు మాయమవుతున్న కాలం.

ఇంతలో యుద్ధం వచ్చింది. 1941 సెప్టెంబరులో జర్మన్ సేనలు లెనిన్‌గ్రాద్‌ను చుట్టుముట్టాయి. 872 రోజులు సాగిన దిగ్బంధం అది. ఆ చలికాలంలో ఉద్యోగాలు లేనివారికీ పిల్లలకూ రోజుకు 125 గ్రాముల రొట్టె మాత్రమే ఇవ్వగలిగిన రోజులున్నాయి. నగరానికి మిగిలిన ఒకే దారి గడ్డకట్టిన లదోగా సరస్సు. మంచు మీదుగా లారీల్లో తిండిగింజలు రావాలి, ప్రజలు బయటకు పోవాలి. ఆ దారికి జీవన మార్గం అని పేరు వచ్చింది.

కాంతొరోవిచ్ అప్పుడు నౌకాదళ ఇంజినీరింగ్ విద్యాలయంలో బోధిస్తున్నారు. మంచు దారి లెక్కలు ఆయనకు అప్పగించారు. మంచు మందం ఇంత, గాలి చలి ఇంత అయినప్పుడు లారీకీ లారీకీ మధ్య ఎంత దూరం ఉండాలి? దగ్గరగా నడిపితే మంచు పగిలి లారీ మునుగుతుంది. దూరంగా నడిపితే నగరానికి చేరే తిండి తగ్గుతుంది. రెండువైపులా ప్రాణాలే. ఆయన లెక్క వేసి ఇచ్చి ఊరుకోలేదు. ఆ మంచు మీద లారీల మధ్య తానే నడిచారని ఆయన జీవితచరిత్రలు చెబుతాయి. పరిమితి, లక్ష్యం అనే మాటలు పాఠ్యపుస్తకంలో పొడిగా కనబడతాయి. ఆ సరస్సు మీద పరిమితి మంచు మందం, లక్ష్యం రొట్టె.

1942లో ఆ విద్యాలయాన్ని యారొస్లావ్ల్ నగరానికి తరలించారు. అక్కడ ఆయన మొత్తం దేశ ఆర్థిక వ్యవస్థకు తన పద్ధతిని ఎలా వాడవచ్చో వివరిస్తూ పెద్ద గ్రంథం రాశారు. వనరులను ఉత్తమంగా వాడుకోవడం దాని విషయం. యుద్ధంలో ఉన్న దేశానికి అంతకన్నా కావలసింది ఏముంటుంది? కానీ ప్రణాళికా సంఘం పెద్దలు దాన్ని తిరస్కరించారు. ఆర్థికవేత్తలు విరుచుకుపడ్డారు. ఈ దారిలో ఇంకొక్క అడుగు వేసినా క్షేమం కాదని ఆయనకు అర్థమైంది. రాతప్రతిని పక్కన పెట్టారు.

సరైనదని రుజువు చేసిన మాటను నోట్లోనే దాచుకోవడం ఎంత కష్టమో ఆలోచించండి. కాంతొరోవిచ్ దాన్ని వెనక్కి తీసుకోలేదు, అబద్ధమని రాసి ఇవ్వలేదు, గొంతు చించుకుని ప్రాణం మీదకు తెచ్చుకోనూ లేదు. గణితం వైపు తిరిగారు. గుట్టలుగా ఉన్న మట్టిని గుంతల్లోకి తక్కువ శ్రమతో ఎలా చేర్చాలన్న సమస్యను ఫ్రెంచి గణితవేత్త మోంజ్ 1781లో ఎత్తారు. కాంతొరోవిచ్ 1942లో దానికి సరికొత్త రూపమిచ్చారు. ఫంక్షనల్ అనాలిసిస్‌ను అనువర్తిత గణితానికి ముడివేస్తూ చేసిన కృషికి 1949లో ఆయనకు స్టాలిన్ బహుమతి వచ్చింది. ఒక చేత్తో బహుమతి ఇచ్చిన వ్యవస్థే మరో చేత్తో ఆయన ఆర్థిక గ్రంథానికి తాళం వేసి ఉంచింది.

అవకాశం దొరికినచోట మాత్రం ఆయన పద్ధతిని చేతల్లో చూపించారు. 1940ల చివర్లో లెనిన్‌గ్రాద్‌లోని యెగొరోవ్ రైలు పెట్టెల కర్మాగారంలో, జల్‌గాల్లెర్ అనే గణితవేత్తతో కలిసి, ఉక్కురేకులు కత్తిరించే తీరును లెక్క వేశారు. తుక్కు తగ్గింది. దాని మీద ఒక కథ చెప్పుకుంటారు. ఆ కర్మాగారం ఏటా ఇంత తుక్కు ఉక్కు మిల్లుకు పంపాలని ప్రణాళికలో రాసి ఉందట. వృథా తగ్గేసరికి తుక్కు కోటా తప్పి అధికారులు చిక్కుల్లో పడ్డారట. వస్త్రం కత్తిరించే దర్జీ దగ్గర పీలికలు మిగల్లేదని తప్పు పట్టినట్టు! కత్తిరింపు లెక్కల మీద వారిద్దరూ రాసిన పుస్తకం 1951లో వచ్చింది.

ఈ కత్తిరింపులో మరో మెలిక ఉంది. రేకులు పూర్ణసంఖ్యల్లోనే ఉంటాయి. రెండున్నర రేకుల్ని ఒక రకంగా కత్తిరించమంటే కుదరదు. మా బదిలీ సామానులోనూ బీరువాను సగం కోసి తీసుకెళ్లలేం. ఉంటే మొత్తం, లేకుంటే లేదు. పైన జతల లెక్కలో 86 దగ్గర ఆగి, మిగిలిన మూడింట రెండు వంతులు వదిలేస్తే సరిపోయింది. ఎప్పుడూ అలా సరిపోదు. ఒక సంచిలో 10 కిలోల వరకే పెట్టవచ్చు అనుకోండి. 6 కిలోల పెట్టెలు రెండున్నాయి, ఒక్కోటి 9 మార్కుల విలువ. 5 కిలోల పెట్టెలు రెండున్నాయి, ఒక్కోటి 7 మార్కులు. కిలోకు విలువ చూస్తే పెద్ద పెట్టెదే పైచేయి. ముక్కలు చేయవచ్చంటే పెద్ద పెట్టెలే ఒకటీ, ఇంకొకదానిలో మూడింట రెండు వంతులూ పెట్టి 15 మార్కులు పొందవచ్చు. భిన్నం తీసేసి ఒక పెద్ద పెట్టెతో ఆగితే 9 మార్కులే. నిజమైన ఉత్తమం రెండు చిన్న పెట్టెలు, 14 మార్కులు. ఒక్క పూర్ణసంఖ్య నిబంధనతో జవాబు ముఖమే మారిపోయింది. ఇటువంటి లెక్కలకు 1958లో అమెరికాలో గొమొరీ ఒక మార్గం, 1960లో ల్యాండ్, డోయిగ్ అనే ఇద్దరు మహిళలు మరో మార్గం చూపించారు.

1953లో స్టాలిన్ చనిపోయారు. గాలి కొంచెం కొంచెంగా మారింది. ఆ రోజుల్లోనే కాంతొరోవిచ్ కంప్యూటర్ల మీద కూడా పని చేశారు. అప్పటి ప్రోగ్రామర్ యంత్రానికి ఒక్కొక్క గడి గురించి ఆజ్ఞ ఇవ్వాలి. ఈ గడిలోది తీసి ఆ గడిలో కలుపు అని వేల ఆజ్ఞలు రాయాలి. కాంతొరోవిచ్, ఆయన లెనిన్‌గ్రాద్ శిష్యులు కలిసి మరో దారి పట్టారు. మాత్రిక, సదిశ వంటివాటిని మొత్తంగా ఒక్కో వస్తువుగా తీసుకుని, వాటి మీద చేయవలసిన క్రియలను ఒక పథకంగా గీయాలి. ఆ పథకాన్ని చదివి అమలు చేసే పని యంత్రంలోని ఒక ప్రోగ్రాముది. ఆ ప్రోగ్రాముకు వాళ్లు పెట్టిన పేరు ప్రొరాబ్. రష్యన్ భాషలో కట్టడం దగ్గర పని చేయించే మేస్త్రీ అని ఆ మాటకు అర్థం. గణిత సూత్రాన్ని చెట్టు కొమ్మల్లా విడదీసి యంత్రానికి అందించే సంకేత పద్ధతి మీద ఆయన 1957లో ఒక వ్యాసం ప్రచురించారు.

కంప్యూటర్ సైన్స్ తీసుకున్న విద్యార్థులకు ఇక్కడ ఏదో తెలిసిన ముఖం కనబడాలి. ఎలా చేయాలో మెట్టు మెట్టుగా ఆజ్ఞాపించడం ఒక తీరు. ఏం కావాలో ప్రమేయాల్లో చెప్పడం మరో తీరు. రెండో తీరుకు ఇవాళ ఫంక్షనల్ ప్రోగ్రామింగ్ అని పేరు. 1990లో వచ్చిన హాస్కెల్ అటువంటి భాష. తర్కశాస్త్రవేత్త హాస్కెల్ కర్రీ పేరు దానికి పెట్టారు. ఆ భాషలో ఒక పేరుకు ఒకసారి విలువ ఇస్తే అది మారదు, అచ్చం మన బీజగణితంలో లాగే. కాంతొరోవిచ్ పని నుంచే హాస్కెల్ పుట్టిందని మేము అనడం లేదు. ఆలోచన తీరు మాత్రం చుట్టరికం గలది.

ఇందాకటి యంత్రాల లెక్కను అలాంటి భాషలో రాయాలంటే మూడు విషయాలు చెబితే చాలు. ఏ యంత్రానికి ఏ భాగం మీద ఎంత సమయం అన్నవి నిర్ణయ చరరాశులు. ఏ యంత్రం సమయమూ దాని మొత్తాన్ని మించకూడదు, జతల సంఖ్య ఏ భాగం సంఖ్యనూ మించకూడదు అన్నవి పరిమితులు. జతల సంఖ్య గరిష్ఠం కావాలన్నది లక్ష్యం. యంత్రాల జాబితా ఇస్తే చాలు, ఒక్కో యంత్రానికి ఒక్కో పరిమితిని తయారుచేసే ప్రమేయం ఒకటి రాసుకోవచ్చు. రేపు యంత్రాలు ఏడు కాక ఏడు వందలైనా ఆ ప్రమేయం మారదు. జతలు పూర్ణసంఖ్యలే కావాలంటే ఆ ఒక్క మాట చేర్చాలి. ఇంతే నమూనా. దాన్ని సాధించే పని సాల్వర్ అనే మరో ప్రోగ్రాముది. సమస్యను చెప్పడం వేరు, సాధించడం వేరు. స్పష్టంగా చెప్పగలిగితే సగం సాధించినట్టే. భాషా ఉపాధ్యాయులుగా మాకు ఇందులో బాగా నచ్చిన సంగతి ఇదే.

ఇక ఆయన కథకు వద్దాం. సముద్రాలకు అవతల ఇదే శాస్త్రం విడిగా పుట్టింది. రవాణా సమస్యను 1941లో హిచ్‌కాక్ రాశారు. 1947లో జార్జ్ డాంట్‌జిగ్ సింప్లెక్స్ పద్ధతి కనుగొన్నారు. లెనిన్‌గ్రాద్‌లో అచ్చయిన 68 పేజీల సంగతి వాళ్లెవరికీ తెలియదు. 1956లో అమెరికాలో ఉన్న ఆర్థికవేత్త ట్యాలింగ్ కూప్‌మన్స్ దృష్టికి కాంతొరోవిచ్ పని వచ్చింది. ఆయన నేరుగా ఉత్తరం రాశారు. ఆ పరిచయం ఫలించి, 1939 నాటి పుస్తకం 1960లో ఇంగ్లీషులో వెలువడింది. అంతకు ఒక ఏడాది ముందు, 1959లో, యుద్ధకాలంలో రాసి దాచిన పెద్ద గ్రంథం స్వదేశంలో అచ్చయింది. రాసిన మనిషి జుట్టు నెరిసేదాకా ఆ కాగితాలు వేచి ఉన్నాయి.

1960లో ఆయన సైబీరియాలోని నొవొసిబిర్‌స్క్‌కు వెళ్లారు. అక్కడ కొత్తగా కట్టిన విజ్ఞాన నగరంలో గణితాన్ని, ఆర్థికశాస్త్రాన్ని కలిపి చదివే విభాగాన్ని నడిపారు. ఆ కాలంలో ఆయన, సహచరులు కలిసి టాక్సీ ఛార్జీల లెక్క చూశారు. ఎక్కగానే కొంత స్థిరమైన రుసుము, ఆపై కిలోమీటరుకు తక్కువ ధర ఉండేలా సూచించారు. మన ఆటో మీటరులో కనీస ఛార్జీ చూసినవాళ్లకు ఇందులోని తర్కం తేలిగ్గా అర్థమవుతుంది. 1964లో విజ్ఞాన అకాడమీలో పూర్తి సభ్యత్వం వచ్చింది. 1965లో నెమ్‌చీనొవ్, నొవొజీలొవ్ అనే ఆర్థికవేత్తలతో కలిసి లెనిన్ బహుమతి అందుకున్నారు. ఒకప్పుడు ప్రమాదకరమన్న పనికే దేశపు అత్యున్నత గౌరవాల్లో ఒకటి దక్కింది.

1975లో ఆర్థికశాస్త్రంలో నోబెల్ బహుమతిని కాంతొరోవిచ్‌కు, కూప్‌మన్స్‌కు కలిపి ఇచ్చారు. కారణం, వనరుల ఉత్తమ కేటాయింపు సిద్ధాంతానికి వారు చేసిన సేవ. డాంట్‌జిగ్ పేరు అందులో లేకపోవడం చాలామందిని, కూప్‌మన్స్‌ను కూడా, బాధపెట్టింది. ఏ బహుమతీ లెక్క పూర్తిగా సరిచేయదు. ఆ డిసెంబరులో స్టాక్‌హోంలో కాంతొరోవిచ్ ఉపన్యసించారు. 63 ఏళ్ల వయసులో, 27 ఏళ్లప్పుడు చెప్పిన మాటకు ప్రపంచం ముందు నిలబడ్డారు. అప్పటికే మాస్కోకు మారిన ఆయన జీవితాంతం అక్కడే పనిచేసి 1986 ఏప్రిల్ 7న కన్నుమూశారు. నొవొదేవిచీ శ్మశానంలో ఆయన సమాధి ఉంది.

ఈనాడు విమానాల వేళలు, విద్యుత్తు సరఫరా, గోదాముల నుంచి సరుకుల పంపిణీ వంటివి ఆయన, డాంట్‌జిగ్ వేసిన దారుల్లోనే లెక్కకడుతున్నారు. కానీ ఆయన జీవితం నుంచి విద్యార్థులు తీసుకోవలసింది సూత్రం ఒక్కటే కాదు. ప్లైవుడ్ లెక్క తన స్థాయికి తగదని ఆయన అనుకుని ఉంటే ఈ కథ లేదు. గొప్ప ప్రశ్నలు గొప్ప దుస్తులు వేసుకుని రావు. ఒక్కోసారి చెక్కపొట్టు అంటిన చేతులతో వచ్చి తలుపు తడతాయి.

ఇంకొకటి. పరిమితులు లేని చోట ఉత్తమం అన్న మాటకే అర్థం లేదు. రోజుకు గంటలు 24, చదవాల్సిన పాఠాలు ఆరు, ఆటకు మైదానం ఒకటే, అమ్మానాన్నల జీతం ఇంతే. వీటిని తిట్టుకోవడం ఒక పద్ధతి. కాగితం మీద రాసుకుని, వీటి మధ్యనే వీలైనంత మంచి దారి వెతకడం ఇంకో పద్ధతి. కాంతొరోవిచ్‌కు కాలం చాలా కఠినమైన పరిమితులు పెట్టింది. వాటి లోపలే ఆయన సత్యాన్ని వదలకుండా బతికారు, బతికి దాన్ని గెలిపించారు. ఈసారి పాఠం చివర ఆ చారిత్రక గమనిక వచ్చినప్పుడు, పేజీ తిప్పేముందు ఒక్క నిమిషం ఆగి ఆ పేరు చదవండి.